మంగోల్ సామ్రాజ్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

చెంఘిజ్ ఖాన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేవి గుర్రాలు, కత్తులు, తగలబడుతున్న నగరాలు. అవేవీ అబద్ధం కావు. అయితే కొల్లగొట్టి వెళ్ళిపోయిన దండులు చరిత్రలో ఎన్నో ఉన్నాయి. కొల్లగొట్టిన చోటనే పన్నుల లెక్కలు రాయించి, టపా నడిపించి, తరాల తరబడి ఏలినవి బహు తక్కువ. కింది జవాబులు ఎక్కువగా ఆ రెండో సంగతి గురించే.

ఇంతకీ ఆ సామ్రాజ్యం ఎంత పెద్దది?

పదమూడో శతాబ్దం చివరికి దాదాపు 2.4 కోట్ల చదరపు కిలోమీటర్లు, అంటే ఇప్పటి భారతదేశానికి ఏడు రెట్ల పైమాటే. తూర్పున కొరియా, పడమట నల్లసముద్రపు తీరాలు, దక్షిణాన పర్షియన్ సింధుశాఖ. బ్రిటిష్ సామ్రాజ్యం దీనికంటే పెద్దదే, కానీ అది సముద్రాల అవతల ముక్కలు ముక్కలుగా ఉండేది. ఎడతెగని నేలగా చూస్తే మంగోలులను మించినవారు ఇంతవరకూ లేరు.

చెంఘిజ్ ఖాన్ రాజవంశీకుడా?

గొప్పింటి బిడ్డే, కానీ ఆ గొప్ప అతనికి తొమ్మిదేళ్ళ వయసులోనే పోయింది. అసలు పేరు తెమూజిన్. 1162 ప్రాంతంలో ఒనన్ నది దగ్గర పుట్టాడు. తండ్రి యెసుగెయ్ ఒక చిన్న తెగకు నాయకుడు. అతని బాల్యం గురించి మనకు తెలిసినదంతా 'మంగోలుల రహస్య చరిత్ర' అనే గ్రంథం నుంచే. అతను పోయాక కొన్నేళ్ళకు మంగోల్ భాషలోనే రాసుకున్నది. మూలం పోయినా, మంగోల్ మాటల ఉచ్చారణను చైనా లిపిలో రాసిపెట్టిన ప్రతి ఒకటి దక్కింది.

ఆ గ్రంథంలో నాకు బాగా నచ్చేది అది తన కథానాయకుణ్ణి దాచకపోవడం. పెళ్ళి సంబంధం కుదిర్చి, కొడుకును కాబోయే మామగారింట్లో వదిలి వెళ్తూ తండ్రి ఒక మాట చెబుతాడు: మా వాడికి కుక్కలంటే భయం, కాస్త చూసుకో. తిరుగు దారిలో తాతార్లు విందులో విషం పెట్టారు, యెసుగెయ్ చనిపోయాడు. ఆ తర్వాత సొంత బంధువులే ఆ కుటుంబాన్ని వదిలేసి, మందలతో సహా వేరే మేతకు వెళ్ళిపోయారు. తల్లి హోఎలున్ అడవి పళ్ళు, దుంపలు తవ్వి తెచ్చి పిల్లల్ని సాకింది. ఒక చేప దగ్గర, ఒక పిట్ట దగ్గర తగాదా వచ్చి తెమూజిన్ తన సవతి సోదరుడు బెక్తెర్‌ను బాణాలతో చంపేశాడు. తల్లి తిట్టిన తిట్లన్నీ గ్రంథంలో వరుసగా ఉన్నాయి.

తర్వాత తాయిచియూద్‌లు, అంటే దాయాదులే, అతన్ని పట్టుకుని మెడకు కొయ్య బొండ బిగించి ఊరూరా తిప్పారు. ఒక రాత్రి కాపలావాణ్ణి ఆ బొండతోనే కొట్టి పారిపోయాడు. అప్పుడు అతన్ని కాపాడింది వాళ్ళ కింద బతుకుతున్న సోర్ఖన్ షిరా అనే మామూలు మనిషి. ఉన్ని బండిలో దాచాడు. వెతకడానికి వచ్చినవాళ్ళు ఉన్ని లాగేస్తుంటే, ఇంత ఎండలో ఈ ఉన్నిలో ఎవడైనా బతుకుతాడా అని మాట తప్పించాడు. అయినవాళ్ళు వదిలేశారు, కానివాళ్ళు కాపాడారు. తర్వాత అతను కట్టిన వ్యవస్థ మొత్తం మీద ఈ అనుభవం ముద్ర కనిపిస్తుంది.

'ఖాన్' అని ఉంది కదా, అతను ముస్లిమా?

కాదు. ఖాన్ అనేది గడ్డిమైదానాల తెగల్లో పాలకుడి బిరుదు. అతను నమ్మింది తెంగ్రిని, అంటే నీలాకాశాన్ని. అతని వారసుల్లో పడమటి వైపు ఏలినవాళ్ళు రెండు మూడు తరాల తర్వాత ఇస్లాంలోకి వెళ్ళారు.

1206లో నిజంగా ఏమి జరిగింది?

ఒనన్ నది మొదట్లో తెగల మహాసభ జరిగింది, దాన్ని కురుల్తాయ్ అంటారు. తెమూజిన్‌ను చెంఘిజ్ ఖాన్‌గా ప్రకటించారు. అప్పటికే అతను తాతార్లను, కెరయిట్లను, నైమాన్లను ఓడించాడు. చిన్ననాడు అన్నదమ్ముల ప్రమాణం చేసుకున్న జముఖా కూడా ప్రత్యర్థిగా మారి, చివరికి అతని చేతికి చిక్కి చచ్చాడు.

గెలవడం పెద్ద విషయం కాదు. మైదానంలో అప్పుడప్పుడూ ఎవరో ఒకరు గెలుస్తూనే ఉండేవారు, ఆ మనిషి పోగానే తెగలు మళ్ళీ ఎవరి దారిన వారు పోయేవి. ఇతను చేసింది వేరు. సైన్యాన్ని పదులు, వందలు, వేలు, పదివేలుగా విడగొట్టాడు. వేయిమంది దళాన్ని మింగన్ అంటారు, పదివేల దళాన్ని తుమెన్ అంటారు. ఓడిన తెగల మనుషుల్ని వేర్వేరు దళాల్లో కలిపేశాడు. ఒకసారి వేసిన దళం నుంచి మరో దళానికి మారితే మరణదండనే. తాతార్ అనో, నైమాన్ అనో చెప్పుకునే కట్టుబాటు ఒక తరంలో కరిగిపోయింది. రహస్య చరిత్ర చెప్పే లెక్కలో 1206 నాటికి వేయిమంది దళాలు 95.

నాయకులను ఎంచడంలోనూ రక్తసంబంధం చూడలేదు. ఉన్ని బండిలో దాచిన సోర్ఖన్ షిరాకు, అతని కొడుకులకు పెద్ద పదవులు దక్కాయి. యుద్ధంలో తన గుర్రాన్ని బాణంతో పడగొట్టిన శత్రువు, అవును కొట్టింది నేనే అని ఒప్పుకుంటే అతన్నే కొలువులో పెట్టుకుని జెబె అని పేరు పెట్టాడు. జెబె అంటే బాణం. తర్వాత రోజుల్లో కాస్పియన్ సముద్రాన్ని చుట్టివచ్చిన సేనాని అతనే. ఆ దాడిలో జెబెకు జోడీగా ఉన్న సుబుతాయ్‌ది కూడా ఏలిన కుటుంబం కాదు.

ఇంకొకటి ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. కెషిగ్ అనే పదివేలమంది అంగరక్షక దళంలో సేనానుల కొడుకులు చేరాలి. చూడటానికి గౌరవం, లోపల పూచీకత్తు. కొడుకు ఖాన్ గుడారం దగ్గర కాపలా కాస్తుంటే తండ్రి తిరుగుబాటు చేయడు. ఆ కుర్రాళ్ళే పదేళ్ళు పోయాక రాజ్యం నడిపే అధికారులయ్యారు.

వాళ్ళ గెలుపు రహస్యం గుర్రాలూ విల్లులేనా?

అవి లేకుండా ఏమీ జరిగేది కాదు. మంగోల్ గుర్రం పొట్టిది, చూడటానికి దిట్టంగా ఉండదు, కానీ మంచును గిట్టలతో తవ్వి కింద గడ్డి తిని బతుకుతుంది. ఒక్కొక్క రౌతుకు మూడు నుంచి ఐదు గుర్రాలు. ఒకటి అలిసిపోతే ఇంకొకటి ఎక్కుతాడు. ఎండబెట్టిన మాంసం, ఆడగుర్రం పాలు ఉంటే దారిలో వంట పని కూడా లేదు. కొమ్ము, కర్ర, నరాలు కలిపి అతికించిన విల్లు పొట్టిదైనా బలమైనది, జీను మీద ఎటు తిరిగైనా వేయవచ్చు. ఓడిపోయినట్టు పారిపోవడం, వెంటపడిన శత్రువు వరుస చెదిరాక వెనక్కి తిరిగి చుట్టుముట్టడం వాళ్ళకు ఇష్టమైన ఎత్తుగడ. అందరికీ తెలిసిన ఎత్తే, అయినా వందేళ్ళపాటు శత్రువులు అందులో పడుతూనే వచ్చారు.

వాతావరణం కూడా కలిసివచ్చింది. మంగోలియాలోని పాత చెట్ల కాండాల్లోని వలయాలను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 1211 నుంచి 1225 వరకు అక్కడ మామూలుకు మించిన వానలు పడ్డాయి. వానంటే గడ్డి, గడ్డంటే గుర్రాలు.

కానీ ఇవే గుర్రాలు, ఇవే విల్లులు హూణులకూ ఉన్నాయి, తుర్కులకూ ఉన్నాయి. తేడా అంతా పైన చెప్పిన దళాల ఏర్పాటులోనే ఉందని నా అభిప్రాయం.

గుర్రం మీద వచ్చినవాళ్ళు కోటగోడలున్న నగరాలను ఎలా పట్టుకున్నారు?

మొదట్లో చేతకాలేదు. 1209లో చైనా వాయవ్యాన ఉన్న షీషియా రాజ్యపు రాజధానిని ముంచడానికి నదికి అడ్డుకట్ట వేస్తే, ఆ నీరు తిరిగి వాళ్ళ గుడారాల మీదికే వచ్చింది. తర్వాత నేర్చుకున్నారు, అదీ ఓడినవారి దగ్గర. చైనా ఇంజనీర్లు, పర్షియా వడ్రంగులు, రాళ్ళు విసిరే యంత్రాలు చేసేవాళ్ళు, ఎవరు దొరికినా ప్రాణం తీయకుండా పక్కన పెట్టేవారు. 1215లో ఉత్తర చైనాను ఏలుతున్న జిన్ రాజ్యపు జోంగ్‌డు, అంటే ఇప్పటి బీజింగ్, వాళ్ళ వశమైంది. దక్షిణ చైనాను ఏలుతున్న సాంగ్ రాజ్యపు షియాంగ్‌యాంగ్ కోట 1268 నుంచి ఐదేళ్ళు లొంగలేదు. చెంఘిజ్ ఖాన్ మనవడు కుబ్లాయ్ పర్షియా నుంచి ఇస్మాయిల్, అలావుద్దీన్ అనే ఇద్దరు ముస్లిం నిపుణులను రప్పించాడు. వాళ్ళు కట్టిన భారీ యంత్రాల దెబ్బకు 1273లో కోట దక్కింది. చైనా కోటను కొట్టడానికి పర్షియా వడుపు, కొట్టించింది మంగోలు.

ఖ్వారెజం మీద అంత కక్ష ఎందుకు?

మొదట కక్ష లేదు, వ్యాపారం కావాలి. మధ్య ఆసియా, ఇరాన్ ఏలుతున్న ఖ్వారెజం షా రెండో ముహమ్మద్ దగ్గరికి 1218లో దాదాపు 450 మంది వర్తకుల బిడారు బయలుదేరింది. సరిహద్దు ఊరు ఒత్రార్‌లో అక్కడి అధికారి ఇనాల్‌చుక్ వాళ్ళను గూఢచారులన్నాడు, సరుకంతా లాక్కుని చంపించాడు. ఒక ఒంటెల కాపరి తప్పించుకుని కబురు చేరవేశాడు. వాళ్ళలో గూఢచారులు ఉండే ఉంటారు, ఆ కాలంలో బిడారు అంటేనే సగం వేగు. చెంఘిజ్ ఖాన్ అప్పటికీ దూతల్ని పంపి, ఆ అధికారిని అప్పగించమన్నాడు. షా ఒక దూతను చంపించి, మిగతావాళ్ళ గడ్డాలు తీయించి పంపాడు.

1219లో యుద్ధం మొదలైంది. ఒత్రార్ ఐదు నెలలు నిలిచి పడిపోయింది. ఈలోగా ఖాన్ కిజిల్‌కుమ్ ఎడారిని దాటి, ఎవరూ ఎదురుచూడని దిక్కు నుంచి 1220లో బుఖారా ముందు తేలాడు. తర్వాత సమర్కంద్, 1221లో గుర్గంజ్, మెర్వ్, నిషాపూర్. షా పారిపోయి కాస్పియన్ సముద్రంలో ఒక దీవిలో చచ్చాడు. సైన్యాన్ని ఒక్కచోట కూడదీయకుండా నగరానికి ఇంత అని పంచిపెట్టడం అతని పెద్ద తప్పు. తన సేనానులను తానే నమ్మని రాజు అంతకంటే ఏమి చేయగలడు!

ఎంతమందిని చంపారు? నాలుగు కోట్లు అంటారు కదా?

ఆ అంకెకు గట్టి ఆధారం లేదు. చైనాలో యుద్ధాలకు ముందు, తర్వాత జరిగిన గృహ లెక్కల తేడాను మొత్తం చావులకింద వేసి తేల్చిన లెక్క అది. ఆ తేడాలో వలసపోయినవారు, లెక్కకు దొరకనివారు, కరువుకూ రోగాలకూ పోయినవారు అందరూ ఉన్నారు. మెర్వ్‌లో 13 లక్షల మంది చనిపోయారని పర్షియన్ చరిత్రకారుడు జువైనీ రాశాడు. మెర్వ్ అంతమంది పట్టే ఊరు కాదు.

అంకెలు పెంచినవి అన్నంత మాత్రాన జరిగింది చిన్నదైపోదు. జువైనీ మంగోలుల కొలువులోనే పెద్ద ఉద్యోగం చేశాడు, అయినా ఆ ఊచకోతలను దాచలేదు. ఖురాసాన్‌లో భూగర్భ కాలువలు పాడై, బాగుచేసే చేతులు లేక ఎండిపోయిన పొలాలు తరాలపాటు తేరుకోలేదు. తలుపులు తెరిచిన ఊరు బతుకుతుంది, ఎదిరిస్తే నాశనమవుతుంది, లొంగి మళ్ళీ తిరగబడితే పిల్లాపాపలతో సహా పోతుంది. ఇదీ వాళ్ళ పద్ధతి. కోపం వచ్చి చేసిన పని కాదు, పక్క ఊరు భయపడి తలుపులు తీయాలని లెక్కగా చేసిన పని. ఈమధ్య కొందరు రచయితలు మంగోలులను ప్రపంచ వాణిజ్యానికి మార్గదర్శకులుగా చూపే ఉత్సాహంలో దీన్ని రెండు వాక్యాల్లో దాటేస్తున్నారు. అది కూడా న్యాయం కాదు.

చంపనిది ఎవర్ని అనేది కూడా చూడాలి. సమర్కంద్‌లో 30,000 మంది చేతిపనివారిని విడిగా తీసి తూర్పుకు తరలించారని జువైనీ లెక్క. నేతగాళ్ళు, కంసాలులు, కమ్మరులు, లేఖకులు ఖాన్ కుటుంబీకుల మధ్య ఆస్తిలా పంపకమయ్యేవారు.

యూరప్‌ను గెలిచే దశలో ఎందుకు వెనుదిరిగారు?

1237 చివర్లో ర్యజాన్, 1240లో కీవ్, 1241 ఏప్రిల్ 9న పోలండ్‌లో లెగ్నీత్సా, రెండు రోజులకే హంగరీలో మోహి. 1242లో సైన్యం తిరుగుముఖం పట్టింది. 1241 డిసెంబరులో చెంఘిజ్ కొడుకు, మహా ఖాన్ ఒగెదెయ్ చనిపోయాడని, వారసుణ్ణి ఎంచడానికే వెళ్ళారని పుస్తకాల్లో ఉంటుంది. కానీ ఆ దండు నాయకుడు బాతు మంగోలియాకు వెళ్ళనేలేదు, వోల్గా తీరంలో ఆగిపోయాడు. హంగరీ మేత అన్ని గుర్రాలకు ఎన్నాళ్ళో చాలదు, రాతి కోటలు ఇంకా లొంగలేదు, వెనక గెలిచిన తెగలు కుదురుగా లేవు. ఇవన్నీ కలిసే వెనక్కి తిప్పి ఉంటాయి.

చదువురాని పాలకులు అంత రాజ్యాన్ని ఎలా నడిపారు?

చదువు వచ్చినవాళ్ళను పెట్టుకుని. నైమాన్ల కొలువులో దొరికిన తాతాతోంగా అనే ఉయిఘూర్ లేఖకుడి చేత మంగోల్ భాషకు లిపి కుదిర్చి, తన కొడుకులకే అక్షరాలు నేర్పించాడు చెంఘిజ్ ఖాన్.

ఇంకా మంచి కథ యెలూ చూత్సాయ్‌ది. ఖితాన్ జాతివాడు, జిన్ కొలువులో పనిచేసి మంగోలుల చేతికి వచ్చాడు. ఉత్తర చైనా రైతులు ఎందుకూ కొరగారు, వాళ్ళను తుడిచిపెట్టి పొలాలన్నీ మేతభూములు చేద్దామని ఒగెదెయ్ దగ్గర కొందరు ప్రభువులు వాదించారు. యెలూ చూత్సాయ్ దయాదాక్షిణ్యాల మాట ఎత్తలేదు. అంకెలు చెప్పాడు: నన్ను పన్ను వేయనిస్తే ఏటా ఐదు లక్షల ఔన్సుల వెండి, 80,000 తానుల పట్టు, నాలుగు లక్షల బస్తాల పైచిలుకు ధాన్యం తెచ్చి పెడతాను. చేసి చూపించమన్నారు. తెచ్చి ఖాన్ ముందు పోయించాడు. ఆ తర్వాత మేతభూముల మాట వినిపించలేదు. ఎన్ని ప్రాణాలు నిలబెట్టాడో లెక్క కట్టలేం. ఒక గుమాస్తా పద్దు ఇంత పని చేసిన సందర్భం చరిత్రలో నాకు మరొకటి తోచదు.

యామ్ అనే టపా వ్యవస్థను ఒగెదెయ్ స్థిరపరిచాడు. ఒక రోజు ప్రయాణానికి ఒక మజిలీ, అక్కడ గుర్రాలు, తిండి, పడక. పైజా అనే లోహపు బిళ్ళ చూపితే ఏ మజిలీలోనైనా గుర్రం ఇవ్వాల్సిందే. ఈ ఖర్చంతా చుట్టుపక్కల ఇళ్ళ మీదే పడేది. బిళ్ళలను దుర్వినియోగం చేసి సొంత పనులకు తిరిగిన ప్రభువుల మీద ఫిర్యాదులూ అప్పటివే, కట్టడి చేసిన ఆజ్ఞలూ అప్పటివే.

రాజధాని కారాకోరం ఎలా ఉండేది?

చిన్న ఊరు. 1254లో అక్కడ ఉన్న ఫ్రాన్సిస్కన్ సన్యాసి విలియం రుబ్రుక్, పారిస్ పక్కనున్న సాన్ దెనీ పల్లె దీనికంటే నయమని చప్పరించాడు. కానీ ఆ చిన్న ఊళ్ళో పన్నెండు దేవాలయాలు, రెండు మసీదులు, ఒక చర్చి ఉన్నాయని కూడా అతనే రాశాడు. ఖాన్ మందిరం గుమ్మంలో ఒక వెండి చెట్టు ఉండేది. చేసింది గియోమ్ బూషే అనే పారిస్ కంసాలి, హంగరీలో పట్టుబడి ఇక్కడికి చేరినవాడు. చెట్టు గొట్టాల్లోంచి నాలుగు రకాల మద్యం కారేది: ద్రాక్ష సారా, తేర్చిన గుర్రపు పాల మద్యం, తేనె మద్యం, బియ్యపు మద్యం. కొమ్మ చివర దేవదూత బొమ్మ, చేతిలో బాకా. మొదట కొలిమితిత్తులతో బాకా ఊదిద్దామని చూశాడు, గాలి చాలలేదు. చివరికి చెట్టు కింద గుంటలో ఒక మనిషిని దాచారు. వడ్డన పెద్ద కేక వేయగానే ఆ మనిషి కిందినుంచి ఊదేవాడు, పైన దేవదూత బాకా ఎత్తేది, పనివాళ్ళు మద్యం పోసేవారు.

మతసహనం అంటారు, నిజమేనా?

నిజమే, దాని వెనక లెక్క కూడా ఉంది. బౌద్ధ భిక్షువులకు, తావో గురువులకు, క్రైస్తవ పూజారులకు, ముస్లిం పండితులకు పన్ను మినహాయింపు ఇచ్చారు. బదులుగా ఖాన్ ఆయుష్షు కోసం ప్రార్థించాలి. ఏ దేవుడు నిజమో తేలనప్పుడు అందరి దగ్గరా ఖాతా తెరవడం మంచిదనే ధోరణి. చెంఘిజ్ ఖాన్ ముసలితనంలో చైనా నుంచి తావో గురువు ఛియూ చూజీని పిలిపించాడు. 1222లో ఆ వృద్ధుడు హిందూకుష్ దాకా వచ్చాడు. చావులేని మందు ఉందా అని అడిగితే, ఆయుష్షు కాపాడుకునే దారులు ఉన్నాయి కానీ చావును తప్పించే మందు లేదన్నాడు. ఖాన్ కోపగించలేదు, నిజాయితీకి మెచ్చుకున్నాడు.

హద్దులూ ఉన్నాయి. ఆచారాలు మంగోల్ కట్టుబాట్లకు అడ్డొస్తే సహనం ఆగిపోయేది. ముస్లింల పద్ధతిలో గొర్రెను కోయడాన్ని కుబ్లాయ్ కొంతకాలం నిషేధించాడు.

ఆడవాళ్ళ మాట ఎంత చెల్లేది?

చాలా. ఒగెదెయ్ పోయాక 1241 నుంచి 1246 వరకు సామ్రాజ్యాన్ని ఏలింది అతని భార్య తోరెగెనె. అసలు చతురురాలు మాత్రం చెంఘిజ్ చిన్నకొడుకు తొలుయ్ భార్య సోర్ఖఖ్తాని. భర్త 1232లో పోయాడు. బావగారు ఒగెదెయ్ కొడుకుతో పెళ్ళి వద్దని, పిల్లల్ని పెంచుకోవాలని మర్యాదగా తప్పించుకుంది. తాను క్రైస్తవురాలైనా బుఖారాలో మదరసాకు డబ్బు ఇచ్చింది. బాతుతో మంచిగా ఉండి, అదను చూసి 1251లో పెద్దకొడుకు మోంగ్‌కెను గద్దె ఎక్కించింది. ఆమె కొడుకులే కుబ్లాయ్, హులాగు, అరిక్ బోకె.

బాగ్దాద్ సంగతి?

1258 ఫిబ్రవరి. హులాగు ముట్టడికి పన్నెండు రోజుల్లోనే నగరం లొంగింది. దోపిడీ రోజుల తరబడి సాగింది. రాజరక్తం నేల మీద పడకూడదన్నది మంగోల్ నియమం కనుక అబ్బాసీ ఖలీఫా ముస్తసిమ్‌ను తివాచీలో చుట్టి గుర్రాలతో తొక్కించారని చెబుతారు. ఐదు వందల ఏళ్ళ ఖలీఫా పీఠం అక్కడ ముగిసింది. విచిత్రం ఏమిటంటే, ఆ హులాగు కొలువులోనే ఖగోళ పండితుడు నసీరుద్దీన్ తూసీ ఉన్నాడు. మరుసటి ఏడాది మరాఘాలో అతని కోసం వేధశాల పని మొదలైంది. 1260 సెప్టెంబరు 3న పాలస్తీనాలోని ఐన్ జాలూత్ దగ్గర ఈజిప్టు మమ్లూకులు మంగోలులను ఓడించారు. వాళ్ళ పడమటి హద్దు అక్కడ గీసుకుపోయింది.

భారతదేశాన్ని ఎందుకు జయించలేదు?

ప్రయత్నించకపోవడం కాదు. 1221లో ఖ్వారెజం యువరాజు జలాలుద్దీన్‌ను తరుముతూ చెంఘిజ్ ఖాన్ సింధు నది దాకా వచ్చాడు. జలాలుద్దీన్ గుర్రంతో సహా గట్టు మీదినుంచి నదిలోకి దూకి ఈదిపోయాడు. ఢిల్లీ సుల్తాన్ ఇల్తుత్‌మిష్ అతనికి ఆశ్రయం ఇవ్వకుండా మర్యాదగా తప్పుకున్నాడు. ఖాన్ కూడా వెనక్కి తిరిగాడు. 1241లో లాహోర్‌ను కొల్లగొట్టారు. 1285లో ముల్తాన్ వైపు జరిగిన పోరులో ఢిల్లీ సుల్తాన్ బల్బన్ పెద్దకొడుకు ముహమ్మద్ చనిపోయాడు, కవి అమీర్ ఖుస్రో బందీగా చిక్కాడు.

అసలు ఒత్తిడి అలావుద్దీన్ ఖిల్జీ కాలంలో వచ్చింది. 1299లో ఢిల్లీ పక్కన కీలీలో యుద్ధం. 1303లో మంగోల్ సేనాని తర్ఘీ ఏకంగా ఢిల్లీని ముట్టడించాడు. అప్పుడు సుల్తాన్ చిత్తోడ్ నుంచి అప్పుడే అలిసి వచ్చాడు, మరో సైన్యం ఓరుగల్లు మీదికి వెళ్ళి చేతులు కాల్చుకుని తిరిగి వస్తోంది. కాకతీయ ప్రతాపరుద్రుడి మీద విఫలమైన ఆ దండయాత్ర కూడా ఢిల్లీని ఆ ఏడాది అంత బలహీనంగా నిలబెట్టింది. అలావుద్దీన్ సిరి దగ్గర కందకాలు తవ్వుకుని రెండు నెలలు నెట్టుకొచ్చాడు. తర్ఘీ విసిగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాతే సిరి కోట, పెద్ద స్థిరసైన్యం. ఆ సైనికులు తక్కువ జీతంతో బతకాలనే బజారు ధరలకు కట్టడి పెట్టాడని చరిత్రకారుడు బరనీ రాశాడు. 1305, 1306 యుద్ధాల్లో మంగోలులు చావుదెబ్బ తిన్నారు.

మన ఎండలు, గుర్రాలకు సరిపడని మేత కూడా కారణాలే. ఇంకో సంగతి, ఇక్కడికి వచ్చింది సామ్రాజ్యపు పూర్తి బలం ఎన్నడూ కాదు. ఎక్కువసార్లు వచ్చింది మధ్య ఆసియాలోని చగతాయ్ (చెంఘిజ్ రెండో కొడుకు) వారసుల శాఖ, అదీ దాయాదులతో ఒకపక్క పోరాడుతూ.

ఈ సరిహద్దు యుద్ధాల్లో పేరు తెచ్చుకుని ఎదిగినవాడు దీపాల్‌పూర్ అధికారి ఘాజీ మాలిక్. అతనే తర్వాత ఘియాసుద్దీన్ తుగ్లక్. అతని కొడుకు ఉలుఘ్ ఖాన్ 1323లో ఓరుగల్లును పట్టుకుని కాకతీయ రాజ్యాన్ని ముగించాడు.

తెలుగు నేలకు ఇంకేమైనా సంబంధం ఉందా?

మార్కో పోలో ద్వారా ఉంది. కుబ్లాయ్ కొలువులో ఉన్న ఈ వెనిస్ మనిషి, ఇరాన్ ఏలే అర్ఘూన్‌కు వధువుగా వెళ్తున్న కోకొచిన్ రాకుమారిని తీసుకెళ్ళే ఓడల్లో 1290ల మొదట్లో చైనా నుంచి బయలుదేరాడు. అతని రాతల్లో 'ముత్‌ఫిలీ' అనే రాజ్యం ఉంది. ఇది ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి. సాలెగూడులా సన్నని బట్టలు, లోయల్లో వజ్రాలు, మాంసపు ముక్కలు విసిరితే వజ్రాలు అంటుకుని గద్దలు ఎత్తుకొచ్చే కథ, నలభై ఏళ్ళుగా న్యాయంగా ఏలుతున్న రాణి, అన్నీ చెప్పాడు. ఆ రాణి రుద్రమదేవి అనే అనుకుంటారు. రాజు భార్య అని అతను రాసినా, ఆమె గణపతిదేవుడి కూతురు. చందుపట్ల శాసనం ప్రకారం 1289 నాటికే ఆమె మరణించింది కనుక, అతను విన్నది కొంచెం పాత కబురై ఉండాలి. అదే మోటుపల్లిలో గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకు అభయ శాసనం వేయించాడు: ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజు లాక్కోడు, నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ అడగడు. ఒత్రార్ అధికారి చేసిన దానికి ఇది పూర్తిగా ఎదురు. మధ్యలో ఇరవై ఆరేళ్ళే తేడా.

మొఘలులు మంగోలులేనా?

కొంతమటుకు. బాబర్ తండ్రి వైపు తైమూర్ వంశం, తల్లి వైపు చగతాయ్ ద్వారా చెంఘిజ్ ఖాన్ వంశం. అతను మాట్లాడింది తుర్కీ, పాలనలో వాడింది పర్షియన్. తనను తైమూర్ వారసుడిగానే చెప్పుకునేవాడు, మంగోలుల గురించి పెద్దగా మంచిమాట చెప్పలేదు.

అంత బలమైన రాజ్యం ఎందుకు ముక్కలైంది?

తెగలన్నింటినీ విరగ్గొట్టిన చెంఘిజ్ ఖాన్ ఒక్క తెగను మాత్రం ముట్టుకోలేదు, అది తన సొంత కుటుంబం. రాజ్యం మొత్తం ఆ ఇంటి ఉమ్మడి ఆస్తి. గద్దె పెద్దకొడుక్కా, చిన్నకొడుక్కా, తమ్ముడికా అన్న నియమం లేదు. కురుల్తాయ్‌లో ఎవరిని ఒప్పిస్తే వారిదే. పెద్దకొడుకు జోచి పుట్టుక మీద అనుమానం (తల్లి బోర్తెను మెర్కిట్లు ఎత్తుకుపోయి కొన్నాళ్ళు ఉంచుకున్నారు) తండ్రి బతికుండగానే అన్నదమ్ముల మధ్య బాహాటంగా పేలింది. అందుకే మూడోవాడు ఒగెదెయ్ వారసుడయ్యాడు.

1259లో మోంగ్‌కె చైనాలో దియావోయూ కోట ముట్టడిలో ఉండగా చనిపోయాడు. కుబ్లాయ్, అరిక్ బోకె ఇద్దరూ ఎవరి కురుల్తాయ్ వాళ్ళు పెట్టుకుని మహా ఖాన్లయ్యారు. నాలుగేళ్ళ అంతర్యుద్ధంలో కుబ్లాయ్ గెలిచాడు. అదే సమయంలో, 1262లో, వోల్గా ఖాన్ బెర్కె తన దాయాది హులాగు మీద కత్తి దూశాడు. బెర్కె ముస్లిం, బాగ్దాద్ విధ్వంసం అతనికి మింగుడుపడలేదు. అజర్‌బైజాన్ మేతభూముల తగాదా కూడా ఉంది. ఏది ముందో ఏది సాకో చెప్పలేం. ఐన్ జాలూత్‌లో మంగోలులను ఓడించిన మమ్లూకులతోనే బెర్కె పొత్తు కట్టాడు. అక్కడితో ఒక్క సామ్రాజ్యం అనే మాట పేరుకే మిగిలింది.

చైనాలో కుబ్లాయ్ 1271లో యువాన్ వంశాన్ని ప్రకటించి, 1279 నాటికి సాంగ్ రాజ్యాన్ని ముగించాడు. జపాన్ మీద 1274లో, 1281లో చేసిన దాడులు, వియత్నాం, జావా దండయాత్రలు కలిసిరాలేదు. యువాన్ పాలన 1368లో ముగిసింది. ఇరాన్ శాఖ 1335లో వారసుడు లేక చీలిపోయింది. రష్యా మీద పెత్తనం 1480 దాకా సాగింది. చెంఘిజ్ వంశపు క్రిమియా ఖాన్లయితే 1783 వరకు ఉన్నారు.

వాళ్ళ తర్వాత మిగిలింది ఏమిటి?

మంచీ చెడూ ఒకే దారిన నడిచాయి. ఇరాన్ కోబాల్ట్ నీలం చైనా కొలుములకు చేరి నీలితెలుపు పింగాణీ పుట్టింది. తుపాకీమందు పరిజ్ఞానం పడమటికి వెళ్ళింది. తబ్రీజ్‌లో వజీరు రషీదుద్దీన్ మంగోలులతోపాటు చైనా, భారతదేశం, ఫ్రాంకుల చరిత్రలను ఒకే గ్రంథంలో కూర్చాడు. యువాన్ కాగితపు డబ్బు చూసి ఇరాన్‌లోనూ 1294లో వేశారు. తబ్రీజ్ బజారు మూతపడింది, కొన్ని వారాల్లోనే ఉపసంహరించుకున్నారు. అదే బిడారు దారుల వెంట ప్లేగు కదిలి 1346లో నల్లసముద్రపు కఫా రేవుకు, అక్కడినుంచి యూరప్‌కు చేరింది.

రష్యాలో మంగోలుల తరఫున పన్ను వసూలు చేసి పెట్టిన మాస్కో రాజులే చివరికి మిగతా రాజులందరినీ మింగి పెద్దవాళ్ళయ్యారు. టిబెట్‌లో దలైలామా బిరుదు 1578లో మంగోల్ పాలకుడు అల్తాన్ ఖాన్ ఇచ్చినదే.

ఆసియాలో కోటిన్నర మంది అతని వారసులట కదా?

2003లో వచ్చిన ఒక జన్యు అధ్యయనం, మధ్య, తూర్పు ఆసియాలోని ఒక పెద్ద ప్రాంతపు మగవాళ్ళలో సుమారు 8 శాతం మందికి ఒకే పితృవంశపు గుర్తు ఉందని చూపించింది. అది చెంఘిజ్ ఖాన్‌దే అన్నది ఊహ. అతని సమాధి ఇప్పటికీ దొరకలేదు, పోల్చి చూడటానికి ఎముక లేదు.

ఈనాటి మంగోలియాలో అతన్ని ఎలా చూస్తారు?

జాతిపితగా. సోవియట్ ప్రభావం ఉన్న రోజుల్లో పేరెత్తడమే కష్టం. 1962లో అతని 800వ జయంతి జరిపినందుకు దరామిన్ తోమోర్ ఒచిర్ అనే పార్టీ నాయకుడు పదవి పోగొట్టుకున్నాడు. 1990 తర్వాత అంతా తిరగబడింది. ఇప్పుడు పెద్ద నోట్ల మీద అతని ముఖం, రాజధాని విమానాశ్రయానికి అతని పేరు. ఉలాన్‌బాతర్‌కు తూర్పున 2008లో నిలబెట్టిన 40 మీటర్ల ఉక్కు విగ్రహంలో గుర్రం తల దాకా ఎక్కి చుట్టూ ఉన్న మైదానం చూడవచ్చు. అటు చైనా తన ఇన్నర్ మంగోలియాలోని ఓర్దోస్‌లో అతని స్మారకమందిరాన్ని నడుపుతూ, యువాన్ వంశం ద్వారా అతను తమ చరిత్రలోని వాడేనంటుంది. ఈ మాట ఉలాన్‌బాతర్‌లో ఎవరి దగ్గరైనా అని చూడండి, సాయంత్రం దాకా వదలరు.